మార్చి పిచ్చిలో టికెట్టు ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి

మా రాజమండ్రిలో కొత్త సినిమా విడుదలైనప్పుడు హాలు ముందు బ్లాకులో టికెట్లు అమ్మేవాళ్లకు ఒక లెక్క ఉండేది. గంట కొట్టేవరకు ధర దిగదు. గంట కొట్టాక నిమిషానికింత చొప్పున పడిపోతుంది. మా చిన్నాన్న ఆ గంట కోసమే ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడేవాడు. సినిమాకు ముందు పేర్లు పడటం ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. నేను పద్దెనిమిదేళ్లుగా అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో ఉంటున్నాను. ఇక్కడ మార్చి నెలలో ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ (మార్చి పిచ్చి) అని పిలిచే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు టికెట్లు కొనడంలో, మిగిలినవి అమ్మడంలో నాకు పనికొచ్చింది మా చిన్నాన్న లెక్కే. కాకపోతే ఇక్కడ గంట ఎప్పుడు కొడుతుందో తెలుసుకోవాలి.

ముందు మీరు కొంటున్నదేమిటో చూడండి. పురుషుల టోర్నమెంటులో 68 జట్లు. ఒహాయోలోని డేటన్‌లో జరిగే నాలుగు తొలి ఆటలతో అవి 64 అవుతాయి. ఆ 64 జట్లు ఎనిమిది ఊళ్లకు, ఊరికి ఎనిమిది చొప్పున వెళతాయి. నాలుగు ఊళ్లలో గురు, శనివారాల్లో ఆటలు. మిగతా నాలుగింటిలో శుక్ర, ఆదివారాల్లో. మొదటి రోజు మధ్యాహ్నం రెండు ఆటలు ఒక సెషన్, సాయంత్రం రెండు ఆటలు ఇంకో సెషన్. ఒక రోజు విరామం తర్వాత, గెలిచిన నాలుగు జట్ల మధ్య రెండు ఆటలు మూడో సెషన్. దేని టికెట్టు దానిదే. మొదటిసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం టికెట్టుతో రాత్రి దాకా కూర్చోవచ్చనుకున్నాం. సెషన్ కాగానే హాలంతా ఖాళీ చేయించారు. పులిహోర డబ్బా కారులోనే ఉంది కాబట్టి పార్కింగు స్థలంలో భోజనమైనా దక్కింది.

మూడు సెషన్లూ కలిపి కట్టగా అమ్మడం ఆటలకు నెలల ముందే మొదలవుతుంది. అప్పటికి ఏ ఊళ్లో ఎవరు ఆడతారో దేవుడికి కూడా తెలియదు. మార్చి మధ్యలో ఒక ఆదివారం సాయంత్రం టోర్నమెంటు కమిటీ జట్ల పట్టిక ప్రకటిస్తుంది. అది మొదటి గంట. బలమైన జట్లను వీలైనంతవరకు ఇంటికి దగ్గర్లో ఆడించడం కమిటీ పద్ధతి. అందుకే మా రాష్ట్రంలోని షార్లెట్‌లోనో, గ్రీన్స్‌బరోలోనో ఆటలున్న ఏడాది ఇక్కడి యూనివర్సిటీ జట్లయిన డ్యూక్, నార్త్ కరోలినాల అభిమానులు శరదృతువులోనే కట్టలు కొని పెట్టుకుంటారు. అది పంటను చేలో ఉండగానే కొనడం లాంటిది.

2023లో గ్రీన్స్‌బరోలో ఆ పంట పండలేదు. ఆ సీజను మొదట్లో దేశంలోనే మొదటి ర్యాంకులో ఉన్న నార్త్ కరోలినాకు అసలు టోర్నమెంటులో చోటే దక్కలేదు. డ్యూక్‌ను ఒర్లాండోకు, మావారు చదువుకున్న నార్త్ కరోలినా స్టేట్‌ను డెన్వర్‌కు పంపారు. ఆశతో కట్టలు కొన్నవాళ్లందరూ ఆదివారం రాత్రే, కొన్న టికెట్లను తిరిగి అమ్ముకునే రీసేల్ సైట్లలో వాటిని పెట్టేశారు. మేము ఏ తొందరా లేకుండా బుధవారం దాకా ఆగి కొన్నాం. అయిదడుగుల ఎనిమిది అంగుళాల కాన్సస్ స్టేట్ ఆటగాడు మార్క్విస్ నోవెల్ కెంటకీ జట్టు మీద 27 పాయింట్లు కొడుతుంటే మా అబ్బాయి కుర్చీలో కూర్చుంటే ఒట్టు.

మరుసటి ఏడు మేమే చేలో పంట కొన్నాం. షార్లెట్‌కు నాలుగు కట్టలు. మావారి జట్టు సీజను చివరి నాలుగు ఆటలూ ఓడిపోయింది, దాని మీద ఆశ వదులుకున్నాం. అలాంటిది ఆ జట్టు వాషింగ్టన్‌లో తన కాన్ఫరెన్సు (తాను ఆడే లీగు) టోర్నమెంటులో అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలిచి, ఫైనల్లో నార్త్ కరోలినానే ఓడించి పెద్ద టోర్నమెంటు లోపలికి వచ్చేసింది. మర్నాడు పట్టికలో చూస్తే దాని ఆట పిట్స్‌బర్గ్‌లో. మావారు కారు తాళాలు వెతకడం మొదలుపెట్టారు, నేను షార్లెట్ టికెట్లు అమ్మడం మొదలుపెట్టాను.

షార్లెట్‌కు నార్త్ కరోలినా జట్టు వస్తోంది, అదీ మొదటి సీడుగా, అంటే కమిటీ బలాన్నిబట్టి ఇచ్చే పై స్థానంతో. ఆదివారం రాత్రి, సోమవారం అమ్మేవాడి కాలం. పట్టిక చూసిన ఉత్సాహంలో జనం చెల్లించే ధర బుధవారానికి ఉండదు. నార్త్ కరోలినా ఆడే మధ్యాహ్నం సెషన్ టికెట్లూ, శనివారంవీ గంటల్లో పోయాయి. సాయంత్రం సెషన్‌లో టెనసీ, టెక్సస్ ఉన్నాయి కదా అని వాటికీ అదే ధర పెట్టాను. గురువారం మధ్యాహ్నం దాకా ఒక్కరూ చూడలేదు. చివరికి కొన్నదానికంటే తక్కువకు, పిట్స్‌బర్గ్ దారిలో పెట్రోలు బంకులో నిలబడి ఫోనులో అమ్మాను. మూడు సెషన్లనూ ఒకే కట్టగా అమ్మవద్దు, విడదీసి అమ్మండి. అంతకన్నా ముఖ్యం, ఏ సెషన్ ధర దానికే కట్టండి.

అమ్మేవాళ్లకు మరికొన్ని మాటలు. నాలుగు సీట్లుంటే రెండేసి అమ్మండి. మూడు ఒకేసారి పోతే మిగిలిన ఒంటరి సీటు మీ మెడకే చుట్టుకుంటుంది. అమ్మకం పెట్టేటప్పుడు సైటు మీ చేతికి వచ్చే మొత్తాన్ని చూపిస్తుంది, ఆ అంకెనే చూడండి. 100 డాలర్లకు కొన్న టికెట్టును 110కి అమ్మి, అందులో పదిహేను శాతం సైటు తీసుకుంటే మీకొచ్చేది 93.50. అంటే లాభమనుకున్నది నష్టం. డబ్బు చాలాచోట్ల ఆట అయ్యాకే చేతికొస్తుంది. ఒకే టికెట్టును రెండు సైట్లలో పెడితే, ఒకచోట అమ్ముడైన క్షణంలో రెండోచోట తీసేయాలి. మరిచిపోతే రెండో కొనుగోలుదారుకు సీటు వెతికే ఖర్చు, జరిమానా మీ కార్డు మీద పడవచ్చు.

పన్ను సంగతి. వ్యక్తిగతంగా కొన్న టికెట్టు లాభానికి అమ్మితే ఆ లాభం ఆదాయమే, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని తగ్గించుకోనివ్వరు. 2025 చట్టం తర్వాత ఏడాదిలో 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటితేనే సైట్లు కేంద్ర పన్ను శాఖకు ఫారం పంపాలి. కొన్ని రాష్ట్రాల పరిమితి ఇంకా తక్కువ. ఫారం రాకపోయినా లాభం లాభమే. మన పిల్లలకు ఇంకో మాట చెప్పాలి. ఎఫ్-1 మీద చదువుకుంటూ, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తూ మిగిలిన రెండు టికెట్లు అమ్ముకోవడం వేరు, లాభానికే టికెట్లు కొని అమ్మడం పనిగా పెట్టుకోవడం వేరు. రెండోది అనుమతి లేని వ్యాపారం కిందికి రావచ్చు. వంద డాలర్ల కోసం వీసాను పణంగా పెట్టకండి. సందేహముంటే లాయరును అడగండి, గ్రూపులో అన్నయ్యలను కాదు.

ఇక కొనేవాళ్ల గంట. ఆ గురువారం రాత్రి పిట్స్‌బర్గ్‌లో మా చేతిలో ఆ సెషన్ టికెట్లే ఉన్నాయి, శనివారానివి లేవు. మా ఆటకు ముందు కెంటకీ, ఓక్‌లాండ్ ఆట. హాలులో ఎటు చూసినా కెంటకీ నీలం చొక్కాలే. ఓక్‌లాండ్ కుర్రాడు జాక్ గోల్కీ పది మూడు-పాయింట్ల బుట్టలు వేశాడు, 80-76తో కెంటకీ ఇంటికి వెళ్లిపోయింది. ఆ నీలం చొక్కాల వాళ్లలో చాలామంది దగ్గర శనివారం టికెట్లు ఉన్నాయి, ఇక వాళ్లకు అవి అక్కర్లేదు. మెట్లు దిగుతూనే ఫోన్లు తీశారు. మావారు తన జట్టు ఆటలో మునిగి ఉంటే నేను టైమౌటు వచ్చినప్పుడల్లా ధర చూస్తూ కూర్చున్నాను. ప్రతి టైమౌటుకూ ఒక మెట్టు దిగుతోంది. మావాళ్ల గెలుపు ఖాయమనిపించగానే మూడు సీట్లు కొన్నాను. ఎక్కువ అభిమానులున్న పెద్ద జట్టు ఓడిన అరగంట కొనేవాడిది. చివరి నాలుగు జట్లు ఆడే ఫైనల్ ఫోర్‌లోనూ అంతే. శనివారం రాత్రి రెండు సెమీఫైనల్స్ అయ్యేసరికి ఓడిన రెండు జట్ల అభిమానులకు సోమవారం ఫైనల్ టికెట్టు భారమవుతుంది.

ఈ ఉపాయం అన్నిచోట్లా పారదు. 2025లో ఆటలు మా పక్కనున్న రాలీకే వచ్చాయి, ఆటల హాలు లెనోవో సెంటర్ మా ఇంటికి పావుగంట. శుక్రవారం రాత్రి ఎవరు ఓడతారా అని కాచుకుని కూర్చున్నాను. గెలిచినవి డ్యూక్, బేలర్, ఫ్లోరిడా, అంతకుముందు ఏడాది విజేత కనెటికట్. డ్యూక్ అరగంట దూరంలోని డర్హమ్ జట్టు. ఓడినవాళ్లు వదిలిన టికెట్టును వదిలినట్టే ఎగరేసుకుపోయారు. ఆదివారం పొద్దున కూడా ధర దిగలేదు. స్థానిక జట్టు బతికి ఉంటే ముందే కొనుక్కోండి, లేదా టీవీ చూసుకోండి.

కొనేముందు చూడవలసినవి. టికెట్టు ఫోనులోనే ఉంటుంది, బార్‌కోడ్ క్షణక్షణం మారుతుంది. స్క్రీన్‌షాట్ పంపుతానన్నవాడు మోసగాడైనా కావాలి, అమాయకుడైనా కావాలి. ట్రాన్స్‌ఫర్ మీ పేరుకు వచ్చి, మీరు స్వీకరించాకే అది మీది. తెలియని మనిషికి బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్‌లో పంపిన డబ్బు పంపినట్టే, తిరిగి రాదు. మా ఊరి గ్రూపులో ఒకాయన ఫైనల్ ఫోర్ టికెట్లకు అలా పంపి, తర్వాత ఆ నంబరు పనిచేయడం లేదని అందరికీ చెప్పుకున్నాడు. సీటు నంబరు, వరుస చెప్పని అమ్మకాలు చాలావరకు చేతిలో లేని టికెట్లు, ముందు మీకు అమ్మి తర్వాత కొందామనుకునేవాళ్లవి. 2025 మే నుంచి రుసుములన్నీ కలిపిన ధరే మొదట చూపించాలన్న కేంద్ర నియమం ఉంది కాబట్టి ఇప్పుడు సైట్లను పోల్చడం తేలిక. ఒంటరి సీటు ఎప్పుడూ చవక. మేము ముగ్గురం మూడుచోట్ల కూర్చున్న రోజులున్నాయి. ఫైనల్ ఫోర్ ఫుట్‌బాల్ స్టేడియాల్లో జరుగుతుంది, పై అంతస్తులో చవక సీటంటే ఆట కంటే పైన వేలాడే తెరనే ఎక్కువ చూస్తారు. చిన్న ఊళ్లో మొదటి రౌండుకు ఆ డబ్బుతో మంచి సీటు వస్తుంది, నా ఓటు దానికే.

రాలీలో ఆదివారం టికెట్టు దొరకని ఆ వారానికి వస్తాను. లెనోవో సెంటర్ నార్త్ కరోలినా స్టేట్ సొంత మైదానం. సొంత మైదానంలో ఏ జట్టునూ పురుషుల టోర్నమెంటు ఆడనివ్వరు కాబట్టి మావారి జట్టును ఊళ్లోనే చూసే యోగం ఆయనకు ఎన్నటికీ లేదు. మహిళల టోర్నమెంటుకు ఆ నియమం లేదు. మొదటి 16 సీడ్లు తొలి రెండు రౌండ్లనూ తమ హాలులోనే ఆడతాయి. ఆ ఏడాది డ్యూక్, నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్ మూడింటికీ ఆ అవకాశం వచ్చింది, అంటే మా ఇంటి చుట్టూ మూడు హాళ్లు. నార్త్ కరోలినా స్టేట్ మహిళలు ఆడే పాత రెనాల్డ్స్ కొలీజియంలో మూడు సీట్లు, ఒకే వరుసలో, రీసేల్ గొడవ లేకుండా దొరికాయి. మావారు ఎర్ర చొక్కా వేసుకుని ఆట మొదలవడానికి గంట ముందే వెళ్లి కూర్చున్నారు.