గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే: ఆర్డీఓ ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు విధానం

216 జాతీయ రహదారి కోనసీమలో చాలాచోట్ల ఊళ్ల మధ్యలోంచే పోతుంది. చీకటితో లేచి పనికి పోయేవాళ్లు, సైకిళ్లు, రొయ్యల లారీలు, కోతల రోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు అన్నీ ఆ దారినే తిరుగుతాయి. గుద్దిన బండి ఆగకుండా పోతే, నంబరు ఎవరూ చూడకపోతే, ‘ఇక ఎవరి మీద కేసు పెడతాం’ అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. దయచేసి వదలకండి. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి ప్రమాదాల కోసమే ఉంది. మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రగాయమైతే 50 వేలు ఇస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మొత్తాలు ఇవి. సంపాదనతో, వయసుతో సంబంధం లేదు. కోర్టుకు పోనక్కర్లేదు, లాయరు అవసరం లేదు.

తీవ్రగాయం అంటే ఏమిటో చట్టమే చెప్పింది. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను ఊడినా, ఒక కంటి చూపు లేదా ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోయినా, ముఖం శాశ్వతంగా వికృతమైనా, 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, అన్ని రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా తీవ్రగాయమే. గీరుకుపోయిన గాయాలకు ఈ పథకంలో డబ్బు రాదు.

ఆసుపత్రిలో రాయించే మొదటి మాట

దరఖాస్తు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కంగారులోనో, పోలీసు గొడవెందుకనో, తీసుకొచ్చినవాళ్లు ‘బండి మీంచి పడిపోయాడు’ అంటారు. డ్యూటీ డాక్టరు కేస్‌షీట్‌లో అదే రాస్తారు. తర్వాత ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వాహనం ఢీకొట్టింది’ అని ఉన్నా, విచారణలో ఈ రెండు కాగితాలూ పొసగవు. తనంతట తాను పడిపోయిన ప్రమాదానికి 161 వర్తించదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి: ఏదో బండి గుద్దింది, ఆగలేదు, నంబరు తెలియదు. ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లినా మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు ఇంటిమేషన్ పంపమని అడగండి.

గాయాల వివరం రాసి డాక్టరు ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్ విషయంలో ఇంకో చిక్కుంది. ఎక్స్‌రే రిపోర్టు రాకముందే ఇచ్చేస్తే అందులో గాయం ‘సింపుల్’ అని ఉండవచ్చు. తర్వాత ఎముక విరిగినట్టు తేలితే ఆ రిపోర్టు చూపించి, ‘గ్రీవియస్’ (తీవ్రగాయం) అని సరిచేసిన సర్టిఫికెట్ అడగండి. 50 వేలు ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటాయి.

వైద్యం ఖర్చు సంగతి వేరు. 2025లో వచ్చిన కేంద్ర నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం రోజు నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల దాకా చికిత్స అందుతుంది. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా వర్తిస్తుంది. చేర్చేటప్పుడే అడగండి.

పోలీస్ స్టేషన్‌లో

ఫిర్యాదులో చోటు, సమయం, ఏ వైపు నుంచి వచ్చిందో, లారీనా ఆటోనా కారా, ఏ రంగో తెలిసినంతవరకే రాయండి. ఊహించి నంబరు రాయకండి. తప్పు నంబరు పడితే అది ‘గుర్తు తెలియని వాహనం’ కేసుగా ఉండదు, సంబంధం లేని మనిషి ముద్దాయి అవుతాడు. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. గాయపడినవారు తర్వాత కాకినాడలోనో రాజమండ్రిలోనో చనిపోతే, పోలీసులు కేసు సెక్షన్ మారుస్తూ కోర్టుకు మెమో వేస్తారు. దాని నకలు కూడా తీసుకోవాలి. అది లేకుంటే గాయాల ఎఫ్ఐఆర్‌కూ పోస్టుమార్టం రిపోర్టుకూ ముడి దొరకదు.

మీ బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసేవరకు మెకానిక్‌కు ఇవ్వకండి. దాని మీద అంటిన రంగు, విరిగిన లైటు ముక్కలు రెండో బండి ఉందనడానికి సాక్ష్యం. దారిలోని పెట్రోలు బంకులు, షాపుల కెమెరాల సంగతి పోలీసులకు ఆ వారంలోనే రాసివ్వండి. కొన్నాళ్లకు పాత రికార్డింగు చెరిగిపోతుంది.

నెల దాటినా బండి ఆచూకీ దొరక్కపోతే, ఈ పథకం గురించి బాధితులకు స్టేషన్ అధికారే రాతపూర్వకంగా తెలపాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రమాద నివేదికను కూడా నెలలోపు పోలీసులే విచారణాధికారికి పంపాలి. పథకం గురించి మీకు ఇవ్వాల్సిన ఆ లెటరు అడిగి తీసుకోండి.

దరఖాస్తు ఎక్కడ, ఏమేం జతచేయాలి

ప్రమాదం జరిగిన చోటే లెక్క, మీ ఇల్లు ఎక్కడున్నా సరే. పాలకొల్లు మనిషికి చించినాడ వంతెన దాటాక దిండి దగ్గర ప్రమాదం జరిగితే దరఖాస్తు వెళ్లాల్సింది కోనసీమ వైపు, నరసాపురం డివిజన్‌కు కాదు. విచారణాధికారి ఆర్డీఓ లేదా తహసీల్దార్ స్థాయివారు. మీ కేసు ఎవరు చూస్తారో ఆర్డీఓ ఆఫీసులో కనుక్కోండి.

గాయపడినవారు, లేదా చనిపోయినవారి వారసులు ఫారం 1 నింపాలి. దానితోపాటు ఫారం 4 హామీ పత్రం ఇవ్వాలి. ఇదే ప్రమాదానికి తర్వాత వేరే చట్టం కింద పరిహారం వస్తే ఈ సొమ్ము తిరిగి ఇస్తామని అందులో ఒప్పుకుంటారు. ఎఫ్ఐఆర్ నకలు, ఊండ్ సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం రిపోర్టు, బాధితుడివీ దరఖాస్తుదారుడివీ గుర్తింపు, చిరునామా పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, నగదు రహిత చికిత్స జరిగి ఉంటే ఆ బిల్లు జతచేయండి. మరణం కేసుల్లో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు సచివాలయంలో ముందే అప్లై చేసుకుంటే మంచిది. భార్య, తల్లి విడివిడిగా దరఖాస్తు పెట్టుకుంటే ఎవరికి ఎంతన్నది తేలేదాకా అది ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒకే దరఖాస్తు పెట్టండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించండి, డబ్బు నేరుగా ఖాతాలోకే వస్తుంది.

ఆఫీసులో తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోండి. విచారణాధికారి నెలలోపు కలెక్టరుకు నివేదిక పంపాలి. కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. ఆ తర్వాత 15 రోజుల్లో బీమా కంపెనీల ఉమ్మడి సంస్థ అయిన జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ చెల్లించాలి. గడువు దాటితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ ఇన్‌వార్డ్ నంబరుతో అర్జీ ఇవ్వండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

మధ్యలో బండి దొరికితే

అప్పుడు దారి మారుతుంది. బండి యజమాని, ఇన్సూరెన్సు కంపెనీల మీద మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో 166వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. అక్కడ సంపాదన, వయసు, వైద్యం ఖర్చు, వైకల్యం అన్నీ లెక్కలోకి వస్తాయి కాబట్టి మొత్తం చాలా పెద్దదవుతుంది. మీ ఇల్లున్న ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనైనా వేయవచ్చు. చట్టంలో రాసిన గడువు ప్రమాదం రోజు నుంచి 6 నెలలు, బండి దొరికిన రోజు నుంచి కాదు. అందుకే ఆర్డీఓ ఆఫీసులో కాగితం నడుస్తున్నా స్టేషన్‌కు వెళ్లి దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటూ ఉండాలి. 161 కింద అప్పటికే డబ్బు తీసుకుని ఉంటే ఆ సంగతి పిటిషన్‌లో రాయండి, అంతమేరకు ట్రిబ్యునల్ ఇచ్చే సొమ్ములోంచి సర్దుబాటు చేస్తారు.