బుడగల సీసాతో మాటలు రప్పించడం

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు మాటలు ఆలస్యమైతే ఇంట్లో మొదలుపెట్టడానికి సబ్బు బుడగల ఆటే తేలిక. ఊదితే నోటి కండరాలు గట్టిపడి మాటలొస్తాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు; ఊదడం వేరు, పలకడం వేరు. ఇక్కడ పనిచేసేది బిగించిన మూత. బుడగలు కావాలంటే బిడ్డ మనల్ని అడగక తప్పదు.

టీవీ, ఫోను ఆపేసి బిడ్డకు ఎదురుగా నేల మీద కూర్చోండి. మీ నోరు బిడ్డకు కనబడాలి. రెండు మూడుసార్లు మీరే ఊదండి. ఊదే ముందు “ఊదు”, బుడగ పగిలినప్పుడు “టప్” అనండి, అంతే. తర్వాత మూత గట్టిగా బిగించి సీసా బిడ్డ చేతికివ్వండి. ఇక నోరు మెదపకుండా బిడ్డ ముఖం చూస్తూ మనసులో 10 లెక్కపెట్టండి.

అసలు కష్టమంతా ఈ 10 దగ్గరే. 3 దాటకముందే పెద్దవాళ్లు “ఏం కావాలి? ఊదమను, అంటేనే ఇస్తా” అని అందుకుంటారు. తనకేం కావాలో తేల్చుకుని, దానికి మాట వెతుక్కుని, నోరు తెరవడానికి చిన్నపిల్లలకు ఆ కాస్త వ్యవధి కావాలి.

సీసా మీ చేతిలో పెట్టినా, సీసాను చూసి మీ వైపు చూసినా, “ఊ” అన్నా అడిగినట్టే. వెంటనే “ఊదు!” అంటూ ఊదండి. సరిగ్గా పలికేదాకా ఇవ్వనని పట్టుబడితే ఏడుపో, ఆట వదిలేసి పోవడమో జరుగుతుంది. 10 దాకా ఏమీ రాకపోయినా మీరే “ఊదు” అని ఊదేసి, మళ్లీ ఆగండి. విడతకు 5 నిమిషాలు, రోజుకు రెండు మూడు విడతలు చాలు. సబ్బునీళ్లు ఒలికితే నేల జారుతుంది, వెంటనే తుడిచేయండి.

మాట వచ్చాక దానికి ఒక్కటే కలపండి. బిడ్డ “ఊదు” అంటే మీరు “ఇంకా ఊదు”, “బుడగ” అంటే “పెద్ద బుడగ”. తిరిగి చెప్పమని అడగొద్దు. “బుగడ” అంటే “అలా కాదు” అనకుండా “ఆఁ, బుడగ!” అంటే సరిపోతుంది. రెండేళ్ల బిడ్డ “రా”ను “లా” అనడం మామూలే. దాని జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు.

ఇదే ఆగడం కారు ఆటలోనూ పనికొస్తుంది: “ఒకటి... రెండు...” అని కారును వదలకుండా పట్టుకోండి. “బంతా, కారా?” అని రెండూ చూపించేటప్పుడు మాత్రం ఒక చిక్కుంది. కొందరు పిల్లలు చివర విన్న మాటనే అప్పజెబుతారు. కారు అంటూ బంతికి చెయ్యి చాస్తే అది ఎంపిక కాదు, ప్రతిధ్వని. అందుకే బిడ్డకు కావాలనిపించే వస్తువు పేరు ముందు చెప్పి చూడండి.

ఈ ఆటలతో పాటు వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకు తిరిగి చూసే బిడ్డకు కూడా “స”, “శ” లాంటి సన్నని ధ్వనులు వినబడకపోవచ్చు. 12 నెలలకు వేలితో చూపించడం గానీ “బబబ” లాంటి పలుకులు గానీ లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మగపిల్లలకు ఆలస్యమేలే అని ఆగొద్దు. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసైనా సరే, ముందు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.