పొట్ట కండరాలు గట్టిపడాలంటే ఏ వ్యాయామాలు, ఎలా చేయాలి?

గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడక ముగించి, తల వెనక చేతులు పెట్టి గబగబా సిటప్స్ తీసేవాళ్లు కనిపిస్తారు. అలా తీస్తే మెడ పట్టేస్తుంది, పొట్ట చేయాల్సిన పనిలో చాలా భాగం తుంటిని వంచే కండరాలు లాగేసుకుంటాయి. పొట్ట కండరాల అసలు పని నడుము కదలకుండా పట్టి ఉంచడం. అన్నిటికంటే లోపలి పొర నడుము చుట్టూ బిగించిన పట్టీలా ఉంటుంది. దాన్ని బలపరచడానికి వేగం అక్కర్లేదు.

తిన్నాక కనీసం రెండు గంటలు ఆగండి. పరుపు మీద వద్దు, నేల మీద చాప లేదా మందపాటి దుప్పటి వేసుకోండి.

1. డెడ్ బగ్: దీంతోనే మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని చేతులు పైకి చాచండి. మోకాళ్లు తుంటికి సరిగ్గా పైన ఉండేలా కాళ్లు మడిచి లేపండి. నడుము కింద ఖాళీ లేకుండా నేలకు ఆనించండి. ఇప్పుడు నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ కుడి చెయ్యి తల వెనక్కి, ఎడమ కాలు ముందుకు చాచండి. మడమ నేలకు తగలకూడదు. ఊపిరి తీసుకుంటూ వెనక్కి రండి, తర్వాత రెండో వైపు. మొదట్లో ఒక్కో వైపు 6 సార్లు చాలు. నడుము లేస్తోందంటే కాలు మరీ దూరం వెళ్లినట్టే. అప్పుడు మోకాలు మడిచే ఉంచి, మడమను నేలకు తాకించి తీసేయండి.

2. ప్లాంక్: బోర్లా పడుకుని, మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా లేపండి. మోచేతులు భుజాల కింద ఉండాలి. పిరుదులు బిగించి 10 సెకన్లు నిలవండి, కాస్త ఆగి మళ్లీ. ఇలా 5 సార్లు. నడుము జారిపోతున్నా పంతానికి నిమిషం నిలబడటం కన్నా ఇదే మేలు.

3. సైడ్ ప్లాంక్: మోకాళ్లు మడిచి, పక్కకు తిరిగి, మోచేతి మీద తుంటి లేపండి. ఇదీ 10 సెకన్లే.

ఊపిరి మాత్రం ఎక్కడా బిగపట్టొద్దు, బీపీ పెరుగుతుంది. హెర్నియా ఉన్నవాళ్లు, సిజేరియన్ అయిన తల్లులు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే చేయాలి. నొప్పి కాలిలోకి పాకితే వెంటనే ఆపేయండి.

వారానికి 3 రోజులు చేస్తే సరిపోతుంది. వీటితోనే పొట్ట కొవ్వు కరగదు, దానికి తిండి తగ్గించాలి, నడవాలి. మే నెల ఎండల్లో అయితే తెల్లవారుజామునే కానిచ్చేయండి. డెడ్ బగ్ నడుము లేవకుండా ఒక్కో వైపు 10 సార్లు వచ్చాకే ప్లాంక్ సమయం పెంచండి.