ల్యాబ్‌లో పెంచే చర్మానికి రక్తనాళాలు ఎలా పట్టించాలి: కొత్తగా చేరినవారికి నా పద్ధతి

కాలిన గాయాల కోసం చర్మాన్ని ల్యాబ్‌లో పెంచడం కొత్త సంగతి కాదు. పైపొర కణాలైన కెరాటినోసైట్లను పెద్ద ఎత్తున పెంచే దారిని రైన్‌వాల్డ్, గ్రీన్ 1975లోనే చూపించారు. అసలు టెన్షన్ ఆ చర్మాన్ని గాయం మీద పెట్టాక మొదలవుతుంది. రక్తనాళం నుంచి ఆక్సిజన్ సుమారు 100 నుంచి 200 మైక్రాన్ల దూరమే చేరగలదు. రోగి తొడ నుంచి తీసి అతికించే చర్మంలో అప్పటికే నాళాలు ఉంటాయి కాబట్టి, రెండు మూడు రోజుల్లో అవి గాయం అడుగున ఉన్న నాళాలతో కలిసిపోతాయి. మనం పెంచిన దాంట్లో ఆ నాళాలే ఉండవు. కింది నుంచి కొత్తవి పుట్టి పైకి వచ్చేలోపు పైన ఉన్న కణాలు చచ్చిపోతాయి.

కెనడాలోని క్యూబెక్ బృందం 2005లో ఎలుకల మీద చేసి చూపించిన పనిని మా ల్యాబ్‌లో చేరే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెబుతాను. కేశనాళికలు ముందే అల్లుకున్న చర్మంలోకి నాలుగు రోజుల లోపే రక్తం వచ్చింది. అవి లేని చర్మానికి పద్నాలుగు రోజులు పట్టింది. మన పనంతా ఆ మధ్యలో ఉన్న పది రోజుల కోసమే.

ముందు కణాలు. నాళం గోడ కట్టే ఎండోథీలియల్ కణాలను నేను బొడ్డుతాడు సిర నుంచి తీస్తాను. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లి సంతకం లేనిదే తాడును ముట్టుకోవద్దు. లేబర్ రూమ్ సిస్టర్లతో మంచిగా ఉండండి. తాడును స్టెరైల్ ద్రావణంలో వేసి, ఐస్ బాక్స్‌లో పెట్టి, వెంటనే మీకు కబురు చేసేది వాళ్లే. క్లాంప్ నొక్కిన చోటును కోసి పారేసి, సిరను కడిగి, కొలాజినేజ్ అనే ఎంజైమ్ నింపి కణాలను ఊడదీయాలి. తర్వాత అవి ఎండోథీలియల్ కణాలేనా అని, వాటి గుర్తైన సీడీ31కు రంగు వేసి చూడండి. ఐదో పాసేజ్ (కణాలను కొత్త పాత్రలోకి మార్చి పెంచే ఒక్కో విడత) దాటిన కణాలను నేను వాడను, వాటికి గొట్టం కట్టే ఓపిక తగ్గిపోతుంది. ఇవి పరిశోధన వరకే సరిపోతాయి. రోగికి పెట్టాలంటే ఆ రోగి సొంత కణాలే కావాలి, లేకపోతే శరీరం వాటిని తిప్పికొడుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది దీని తర్వాతే. నాళాలు కావాలి కదా అని వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను మీడియంలో, అంటే కణాలను పెంచే ద్రవంలో, కుమ్మరిస్తారు. నాళాలు వస్తాయి, కాదనను. కానీ అవి వదులుగా ఉంటాయి, కారతాయి, ఫ్యాక్టర్ ఆపగానే కుంగిపోతాయి. నాళం నిలబడాలంటే దాన్ని బయటి నుంచి పట్టుకునే పెరిసైట్ లాంటి కణం కావాలి. అందుకే ఎండోథీలియల్ కణాలను ఎప్పుడూ ఒంటరిగా వేయను. చర్మం లోపలి పొరను కట్టే ఫైబ్రోబ్లాస్టులనో, మెసెంకైమల్ మూలకణాలనో జోడిస్తాను. అవి అవసరమైన ఫ్యాక్టర్లను తామే కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి, చుట్టూ కొలాజెన్ అనే ప్రొటీన్ కూడా వేస్తాయి. డబ్బు తక్కువున్న ల్యాబ్ అయితే గ్రోత్ ఫ్యాక్టర్ సీసా మీద పెట్టేదాన్ని మంచి ఫైబ్రోబ్లాస్టుల మీద పెట్టండి.

నేను 1:1 నిష్పత్తితో మొదలుపెడతాను, మిల్లీలీటరుకు ఒక్కో రకం పది లక్షల కణాలు. వాటిని రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ అయిన ఫైబ్రినోజెన్ ద్రావణంలో కలిపి, దాన్ని ఫైబ్రిన్ జెల్‌గా మార్చే థ్రాంబిన్‌ను అన్నిటికన్నా చివర వేయాలి. వేసిన వెంటనే చర్మానికి ఆధారంగా ఉండే కొలాజెన్ స్పాంజ్‌లోకి వదలండి, నిమిషాల్లో గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ప్లేటును కదిలించవద్దు. ఫైబ్రినోజెన్ మరీ చిక్కగా ఉంటే కణాలు సాగలేవు, మరీ పలుచనైతే జెల్ ముడుచుకుపోతుంది. నాకు మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు కుదిరింది. కణాలు ఫైబ్రిన్‌ను త్వరగా కరిగించేయకుండా మీడియంలో అప్రోటినిన్ వేయండి. కొలాజెన్ కోసం ఆస్కార్బిక్ ఆమ్లం మర్చిపోవద్దు.

స్పాంజ్ విషయం క్లుప్తంగా చెబుతాను. ఎమ్ఐటీ శాస్త్రవేత్త యానస్, సర్జన్ బర్క్ తయారుచేసిన కొలాజెన్ టెంప్లేట్‌లో రంధ్రాల సైజు దాదాపు 20 నుంచి 120 మైక్రాన్లు. మీరూ ఆ దరిదాపుల్లోనే ఉండండి. స్పాంజ్ చేసేటప్పుడు కొలాజెన్ ద్రావణాన్ని చలిలో నెమ్మదిగా గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు పెద్దవై, ఆరబెట్టాక రంధ్రాలూ పెద్దవవుతాయి.

కెరాటినోసైట్లను మొదటి రోజే పైన వేయాలని తొందరపడకండి. వాటి మీడియం వేరు, వాటికి గాలి తగలాలి. కింద నాళికలు అల్లుకున్నాక, నా దగ్గర అది సుమారు వారానికి, పైపొర వేస్తాను. కెరాటినోసైట్లు కూడా వీఈజీఎఫ్ విడుదల చేస్తాయి కాబట్టి అప్పటినుంచి బయటి ఫ్యాక్టర్ తగ్గించుకుంటూ రావచ్చు.

మైక్రోస్కోప్ కింద వల లాంటి అల్లిక కనబడగానే సంబరపడవద్దు. అవి బోలు లేని తాళ్లు కావచ్చు. కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో లోతుగా పొరలు పొరలుగా చూసి, లోపల ఖాళీ ఉందో లేదో తేల్చుకోండి. చుట్టూ నాళం గోడను ఆనుకుని ఉండే పొరలోని కొలాజెన్-4 ఉందా, పెరిసైట్ గుర్తు ఆల్ఫా ఎస్ఎమ్ఏ ఉందా అని కూడా చూడండి. చెరువుకు కలవని కాలువ ఎంత బాగా తవ్వినా పొలం తడవదు.

కలిసిందో లేదో తేల్చేది జంతువు మీద పరీక్షే. జంతు ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాక, రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో చేస్తాం. ఎలుక చర్మం గాయాన్ని తానే లాగి మూసేస్తుంది కాబట్టి గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టాలి. లేకపోతే మీ చర్మం పనిచేసిందో, ఎలుక చర్మం ముడుచుకుందో తెలియదు. అతికించే ముందు రక్తం కారడం పూర్తిగా ఆపండి. కింద చిన్న గడ్డ నిలిచినా నాళాలు కలవవు. చర్మం జరగకుండా గట్టిగా కట్టండి.

నాలుగో రోజు, పద్నాలుగో రోజు ముక్కలు తీస్తాను. తీయడానికి ముందు మానవ ఎండోథీలియల్ కణాలకు అంటుకునే యూలెక్స్ లెక్టిన్‌ను, ఫ్లోరెసెంట్ రంగు కలిపినదాన్ని, ఎలుక తోక సిరలోకి ఎక్కిస్తాం. మీరు వేసిన నాళికలు వెలిగితే రక్తం వాటిలోకి వెళ్తున్నట్టే. నాలుగో రోజు వెలగక, పద్నాలుగో రోజు ఎలుక నాళాలు మాత్రమే కనిపిస్తే, ఫైబ్రోబ్లాస్టుల నిష్పత్తి దగ్గరికి వెనక్కి వెళ్లండి, వీఈజీఎఫ్ దగ్గరికి కాదు.