నాన్నగారి మెయిల్: కోడ్ రాకపోతే, ఉత్తరాలు మాయమైతే ఏం చేయాలి?

నాన్నగారి ఫోనులో జీమెయిల్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే దయచేసి లాగౌట్ చేయకండి, ఫోను రీసెట్ చేయకండి. అకౌంట్ తిరిగి చేతికి రావడానికి ఆ ఫోనే ఆధారం.

సమస్య: పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కోడ్ అడుగుతోంది. ఆ కోడ్ ఎంతకీ రాదు.

కారణం: మా పాలకొల్లు వైపు చాలామంది పెద్దవాళ్లు మెయిల్‌ను తామే తెరవలేదు. చెరువు రిజిస్ట్రేషన్‌కో, పింఛను కాగితాలకో అవసరమైనప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రవాడు తెరిచి ఇచ్చాడు. పని త్వరగా కావాలని రికవరీ నంబరు, అంటే కోడ్ వెళ్లే నంబరు, తనదే పెట్టేశాడు. మా నాన్నగారి విషయంలో జరిగింది ఇదే. ఏళ్ల తరబడి ఆయన ఇంటి తాళంచెవి వేరొకరి జేబులో ఉన్నట్లే. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ అతను ఆ నంబరు వదిలేస్తే, కొన్నాళ్లకు అది ముక్కూమొహం తెలియని మనిషికి వెళుతుంది.

పరిష్కారం: ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీ పేజీకి వెళ్లండి. రికవరీ ఫోను దగ్గర నాన్నగారి నంబరు, రికవరీ మెయిల్ దగ్గర మీ చిరునామా పెట్టండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, అదే పేజీలో పరికరాల జాబితా చూసి, తెలియనివాటిని తొలగించండి. నంబరు మార్చాక కూడా 7 రోజులపాటు పాత నంబరుకు కోడ్ పంపించే అవకాశం ఉంటుంది కాబట్టి వారం తర్వాత మరోసారి చూడండి. ఇదంతా చేసేటప్పుడు ఫోను మీరు తీసుకోకండి. పక్కన కూర్చుని చెప్పండి, నొక్కేది ఆయనే. రేపు మీరు ఊళ్లో ఉండరు కదా.

ఎక్కడా లాగిన్ లేకపోతే, పోయిన అకౌంట్‌ను తిరిగి తెచ్చుకునే గూగుల్ రికవరీ పేజీయే దారి. హైదరాబాదు నుంచి మీరు ప్రయత్నించవద్దు. ఆయన ఎప్పుడూ వాడే ఫోనులో, ఇంట్లోనే ప్రయత్నిస్తే గూగుల్ గుర్తుపట్టే అవకాశం ఎక్కువ.

సమస్య: పంపామని వాళ్లంటున్నారు, ఉత్తరం మాత్రం రాలేదు.

కారణం, పరిష్కారం: ముందు స్టోరేజీ చూడండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీని ఫొటోలు కూడా పంచుకుంటాయి, నిండితే కొత్త మెయిల్ రాదు. ఖాళీ ఉన్నా రాకపోతే అనుమానించాల్సిందే. లోపలికి దూరినవారు ఉత్తరాలు తమకు చేరేలా ఫార్వర్డింగ్, ఆయన కంట పడకుండా ఫిల్టర్ పెట్టి ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఇవి పోవు. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారని నా బాధ. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఈ రెండు విభాగాలూ చూసి, మీరు పెట్టనివాటిని తీసేయండి.

సమస్య: "24 గంటల్లో అకౌంట్ మూసేస్తాం" అని సందేశం.

పరిష్కారం: అందులోని లింకు నొక్కకూడదు. నిజమైన హెచ్చరికైతే సెక్యూరిటీ పేజీలోనూ కనిపిస్తుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

సమస్య: రెండంచెల భద్రత (పాస్‌వర్డ్ తర్వాత ఫోనుతోనూ ధ్రువీకరించడం) పెట్టాం, ఫోను చెరువులో పడింది.

పరిష్కారం: గట్ల మీద తిరిగే మనిషికి ఇది ఎప్పుడైనా జరగవచ్చు. అందుకే ఫోను లేనప్పుడు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు ముందే తీసుకోవాలి. మొత్తం 10 వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. మా నాన్నగారు వాటిని తన చేతితోనే కాగితం మీద రాసుకున్నారు. అమ్మ దాన్ని పొలం పాసుపుస్తకంలో పెట్టి బీరువాలో దాచింది.