సర్క్యూట్ బోర్డు డిజైన్‌కి సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

ఫీచర్ల పట్టిక చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోకండి. సగం బోర్డు గీశాక ఇరుక్కుపోయేవాళ్లంతా అలా ఎంచుకున్నవాళ్లే. కంప్యూటర్ ఏదైనా ఫర్వాలేదు, మౌస్ మాత్రం ఉండాలి. టచ్‌ప్యాడ్‌తో బోర్డు గీయకూడదు.

1. లైసెన్స్ చదవండి. ఉచితమంటే ఎంతవరకు ఉచితమో చూడాలి. ఈగిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో బోర్డు 80 చదరపు సెంటీమీటర్లు దాటకూడదని పరిమితి పెట్టారు. పైగా 2026లో దాన్ని ఆపేస్తామని దాని కంపెనీ ఆటోడెస్క్ 2023లోనే చెప్పేసింది. కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పరిమితులు లేవు. దాని ఫైళ్లు మామూలు టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటాయి. మన డిజైన్ మన చేతిలోనే ఉండాలి కాబట్టి నేను మొదట చెప్పేది కైక్యాడే.

2. బాగా తెలిసిన చిన్న సర్క్యూట్ ఒకటి, 555 టైమర్ చిప్‌తో ఎల్ఈడీ వెలిగి ఆరేది చాలు, మొదటి నుంచి చివరిదాకా గీయండి. ఆటోరూటర్ (గీతలను తనంతట తానే గీసే సదుపాయం) జోలికి పోవద్దు. చేత్తో గీస్తేనే సాఫ్ట్‌వేర్ స్వభావం తెలుస్తుంది.

3. ఇప్పుడు ఫుట్‌ప్రింట్, అంటే చిప్ లాంటి భాగం కాళ్లు అతికే రాగి ప్యాడ్లు బోర్డు మీద ఉండే అమరిక. అందరూ దెబ్బతినేది ఇక్కడే.

ఒకసారి నేను 8 కాళ్ల మెమరీ చిప్‌కి లైబ్రరీలో దొరికిన ఫుట్‌ప్రింట్ పెట్టేశాను. అది 3.9 మి.మీ. వెడల్పు చిప్‌ది, నా దగ్గరున్నది 5.3 మి.మీ. చిప్. ఒకే వరుసలో పక్కపక్క కాళ్ల మధ్య దూరం రెండింటికీ 1.27 మి.మీ.నే కాబట్టి స్క్రీన్ మీద తేడా కనిపించలేదు. బోర్డులు వచ్చాక చూస్తే కాళ్లు ప్యాడ్లు దాటి బయటికి వచ్చేశాయి. సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీలో ఒక్క తప్పూ రాలేదు, ఎందుకంటే మీ చేతిలో ఉన్న చిప్ ఏదో దానికి తెలియదు.

ట్రాన్సిస్టర్లతో ఇంకా జాగ్రత్త. చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి సరిగ్గా తిరగేసి ఉంటుంది.

అందుకే డేటాషీట్ (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) కొలతలతో ఒక ఫుట్‌ప్రింట్ మీరే తయారుచేయండి. అరగంటలో కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకు వద్దు. తర్వాత బోర్డును అసలు సైజులో ప్రింట్ తీయండి. ప్రింటర్ సెట్టింగులో 'పేజీకి సరిపెట్టు' తీసేయాలి. కాళ్లు రంధ్రాల్లో దిగే మామూలు 555 ఐసీకి (చిప్‌కి) రెండు కాళ్ల వరుసల మధ్య 7.62 మి.మీ. రావాలి. స్కేలుతో కొలిచాక, ఐసీని కాగితం మీద పెట్టి ప్రతి కాలూ చూడండి.

4. బోర్డు తయారీకి పంపే గెర్బర్ (పొరల బొమ్మలు), డ్రిల్ (రంధ్రాల) ఫైళ్లు తీసి వేరే వ్యూయర్‌లో తెరవండి. రంధ్రాలు ప్యాడ్ల నడిమధ్యన పడితే ఆ సాఫ్ట్‌వేర్ ఉంచుకోండి.