కుండీల్లో బీన్స్: పూత ఎందుకు రాలుతుంది, కాయ ఎందుకు నార కడుతుంది

ఇక్కడ బీన్స్ అంటే చిక్కుడు కాదు, పలావులోకి, కొబ్బరి వేసి చేసే వేపుడులోకి తెచ్చుకునే ఫ్రెంచ్ బీన్స్. మిద్దె మీద తేలికగానే వస్తాయి. కానీ ఇది చలికాలపు పంట. ఆ సంగతి మరిచిపోయి ఫిబ్రవరిలో గింజ వేసినవాళ్లకే తలనొప్పులన్నీ.

గింజ మొలవలేదు

మట్టిని వేలితో కదిపి చూడండి. గింజ ఉబ్బి, మెత్తబడి వాసన వస్తుంటే నీళ్లు ఎక్కువై కుళ్లినట్టే. శనగల్లా రాత్రంతా నానబెట్టినా అంతే, నీళ్లు గబగబా పీల్చి పగిలిపోతుంది. ముందే తడిపిన మట్టిలో పొడి గింజనే అంగుళం లోతున వేయండి. వారం పది రోజుల్లో మెడ వంచుకుని పైకి వస్తుంది. 12 అంగుళాల కుండీకి మూడు మొక్కలు చాలు.

ఆకు దట్టంగా ఉంది, పూత లేదు

మొదటి ఏడాది నాది ఇదే కథ. వారం వారం వర్మీ కంపోస్ట్ వేసి, పైన పేడ నీళ్లు కూడా పోశాను. ఆకులు అరచేయంత పెరిగాయి, వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. కాయలు మాత్రం లెక్కపెడితే పదకొండు! నత్రజని ఎక్కువైతే మొక్క ఆకులేస్తూనే ఉంటుంది. మట్టి కలిపేటప్పుడే మూడోవంతు మాగిన ఎరువు వేసి, మొగ్గ కనబడేదాకా ఊరుకోండి. కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. అర్క కోమల్ లాంటి పొద రకాలైతే 35-40 రోజుల్లో పూతకొస్తాయి. మీది తీగ రకమైతే ఇంకొన్నాళ్లు ఆగాలి.

పూత వచ్చి రాలిపోతోంది

ఎక్కువమంది అడిగేది ఇదే. కొందరు బ్రష్‌తో పుప్పొడి రాస్తుంటారు, అనవసరం. బీన్స్ పువ్వు విచ్చుకునేలోపే చాలావరకు తనంతట తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. అసలు దోషం వేడిది. పగటి ఉష్ణోగ్రత 30-32 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడై పూత నిలవదు. దానికి తోడు శ్లాబు వేడి. మధ్యాహ్నం రెండింటికి నల్ల గ్రో బ్యాగు పక్కన చెయ్యి పెట్టి చూడండి, లోపల మొక్క వేర్లు ఎలా ఉడుకుతున్నాయో తెలుస్తుంది.

బ్యాగును ఇటుకల మీదికి ఎత్తండి. మట్టిపైన ఎండుటాకులు పరచండి. మధ్యాహ్నం ఎండకు షేడ్ నెట్ కట్టండి. మట్టి ఓసారి బీటలు వారడం, ఓసారి చిత్తడి కావడం వల్లా పూత రాలుతుంది, కాయ వంకర పోతుంది. అందుకే వేలు గుచ్చి చూసి నీళ్లు పోయండి. అన్నిటికన్నా మంచి మందు అక్టోబరు, నవంబరుల్లో విత్తడమే. మన్యంలో అరకు, చింతపల్లి రైతులు రాజ్మా పండించగలుగుతున్నది అక్కడి చల్లదనం వల్లే. రాజ్మా ఈ జాతి గింజే.

కొసలకు పురుగులు, చీమలు

ఇది పేనుబంక, రసం పీల్చే సన్న పురుగు. ముందు పైపు నీళ్లతో గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకు అడుగున పిచికారీ చేయండి. తుప్పు రంగు పొడి కనబడితే ఆ ఆకులు తుంచి పారేయండి. తడిగా ఉన్న మొక్కను ముట్టుకోవద్దు, తెగులు పాకుతుంది.

కాయ నారగా ఉంది

కోత ఆలస్యమైంది. పువ్వు విచ్చిన 10-12 రోజులకు కాయ లేతగా ఉంటుంది, విరిస్తే టప్పుమంటుంది. పైనుంచి గింజల బుడిపెలు కనిపిస్తున్నాయంటే ముదిరినట్టే. రెండు రోజులకోసారి కోయాలి. ముదురు కాయలు వదిలేస్తే మొక్క కొత్త పూత వేయడం తగ్గించేస్తుంది. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని రెండో చేత్తో తుంచండి. లాగితే మొక్క వేర్లతో సహా వచ్చేస్తుంది. కంటపడక ముదిరినవి ఒలిచి, గింజలు నానబెట్టి బాగా ఉడికించి వండుకోవచ్చు, పచ్చివి తినకూడదు.

మూడు కుండీల నుంచి ఒక్కో కోతకు గుప్పెడే వస్తాయి. కడగకుండా గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే, మరో రెండు కోతలు కలిపి కూరకు సరిపోతాయి.